ఆశా సంచిలోని మలేరియా కిట్: ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పాడేరు, చింతపల్లి, అరకు వైపు ఏజెన్సీ గ్రామాల్లో ఎవరికైనా జ్వరం తగిలిందని తెలిసి ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు, ఆమె సంచిలో నుంచి థర్మామీటరు తరువాత బయటికి వచ్చే వస్తువు అరచేతిలో ఇమిడే తెల్లటి ప్లాస్టిక్ క్యాసెట్. దానిని అందరూ మలేరియా కిట్ అంటారు. కాగితాల మీద దాని పేరు బైవాలెంట్ ర్యాపిడ్ డయాగ్నొస్టిక్ కిట్, అంటే రెండు రకాల మలేరియాను త్వరగా గుర్తించే కిట్. టెండరు మారినప్పుడల్లా పెట్టె మీద కంపెనీ పేరు మారుతూ ఉంటుంది కాబట్టి, ఒక కంపెనీ సరుకును కాక ఈ రకం కిట్‌నే ఇక్కడ సమీక్షిస్తున్నాను. ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మైక్రోస్కోపు కింద రక్తపూతలు చూడడం నా ఉద్యోగం. ఆ లెక్కన ఈ కిట్‌కు నేను కొంత పోటీదారుణ్ణి. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

పోటీదారుణ్ణే అయినా, మైక్రోస్కోపు చేరలేని కొండ మీది ఊరికి ఇంతకంటే పనికొచ్చే పరీక్ష మరొకటి లేదని ఒప్పుకుంటాను. అయితే ఈ కిట్ జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఒక్కటే: ఈ రక్తపు చుక్కలో మలేరియా పరాన్నజీవి తయారుచేసే ప్రొటీన్ ఇప్పుడు పట్టుబడేంత మోతాదులో ఉందా, లేదా. జనం మాత్రం దానిని మరికొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఇది మలేరియా కాదని తేలిపోయినట్లేనా, మందులు మింగాక రోగం పూర్తిగా పోయిందా, మళ్లీ రాకుండా ఉంటుందా అని. వాటికి జవాబు చెప్పే శక్తి ఆ ప్లాస్టిక్ ముక్కకు లేదు. దాని మీద నేను విన్న ఫిర్యాదులలో చాలామటుకు ఇక్కడే పుట్టాయి.

ముందు వాడకం సంగతి. రేకు కవరు చింపితే లోపల క్యాసెట్‌తో పాటు తేమను పీల్చే చిన్న పొట్లం ఒకటి ఉంటుంది. రంగు మారే రకం పొట్లమైతే, మారిన రంగును చూడగానే ఆ క్యాసెట్‌ను పక్కన పెట్టేయాలి. లోపలికి తేమ చేరిందని దాని అర్థం. ఉంగరం వేలి కొసను స్పిరిట్ దూదితో తుడిచి, అది పూర్తిగా ఆరేదాకా ఆగి, వేలి పక్కభాగంలో సూదితో గుచ్చాలి. ఆరకముందే గుచ్చితే స్పిరిట్ రక్తంలో కలిసి ఎర్రకణాలు చితికిపోతాయి. పెట్టెలో ఇచ్చిన చిన్న లూప్‌తోనో గొట్టంతోనో 5 మైక్రోలీటర్ల రక్తం తీసి చిన్న గుంటలో ఆనించాలి. చెప్పినన్ని చుక్కల బఫర్ ద్రావణాన్ని రెండో గుంటలో వేయాలి. అప్పుడు కిటికీ వంటి ఆ తెరిచిన భాగంలో గులాబీ రంగు పొర ఒకటి నెమ్మదిగా పైకి పాకుతుంది. మొదటి రెండు మూడు నిమిషాలు అంతా ఎర్రగా మసకగా ఉండి ఏమీ తేలదు. తరువాత వెనుక భాగం తెల్లబడుతూ వచ్చి, గీతలు ఒక్కొక్కటిగా తేలతాయి. చాలా కిట్లకు ఫలితం చూడవలసిన సమయం 15 నుంచి 20 నిమిషాలు. పనుల ఒత్తిడిలో ఐదు నిమిషాలకే చూసి లేదని రాసేయడం ఒక తప్పయితే, మధ్యాహ్నం పెట్టిన క్యాసెట్‌ను సాయంత్రం చూసి, ఆరిపోయాక తేలిన గీతను పట్టుకుని ఉందని రాయడం ఇంకో తప్పు.

గీతలు మూడు. కంట్రోలు గీత తేలకపోతే మిగతావి ఎలా ఉన్నా ఆ పరీక్ష చెల్లదు, కొత్త క్యాసెట్ తీయవలసిందే. రెండోది ఫాల్సిపారం మలేరియాకు, మూడోది వైవాక్స్ మలేరియాకు. రెండూ తేలితే రెండు రకాలూ కలిసి ఉన్నాయని. గీత ఎంత లేతగా ఉన్నా అది గీతే, ఉన్నట్టే లెక్క. లేత గీతను చూసి కొంచెం మలేరియా అనడం పొరపాటు. కొన్ని కంపెనీల కిట్లలో వైవాక్స్ గీత ఉండే చోట అన్ని రకాల మలేరియాకూ కలిపి ఒకే గీత ఉంటుంది. అప్పుడు రెండు గీతలూ తేలినా అది ఒట్టి ఫాల్సిపారం కావచ్చు. పెట్టె మారినప్పుడు లోపలి కాగితం మళ్లీ చదవమని నేను పోరు పెట్టేది అందుకే. జాతీయ మలేరియా కార్యక్రమంలోకి ఫాల్సిపారం, వైవాక్స్ రెంటినీ గుర్తించే కిట్ వచ్చింది 2013లో. అంతకుముందు పల్లెల్లో వాడిన కిట్ ఫాల్సిపారాన్ని మాత్రమే చూపేది. వైవాక్స్ రోగికి రక్తపూత ఫలితం వచ్చేదాకా ఎదురుచూపే మిగిలేది. ఈ మార్పు చిన్నదిగా కనబడుతుంది గానీ, వాగు దాటితే తప్ప ల్యాబు లేని ఊళ్లలో దాని విలువ పెద్దది.

ఆ గీతల వెనుక ఉన్న వ్యవహారం తెలియాలంటే మలేరియా ఎలా వస్తుందో తెలియాలి. ప్లాస్మోడియం అనే ఏకకణ పరాన్నజీవి దీనికి మూలం. 1880లో అల్జీరియాలోని కాన్‌స్టాంటైన్‌లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ ఒక రోగి రక్తంలో దీనిని మొదట చూశాడు. అది దోమ కడుపులో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. మలేరియా రోగిని కుట్టిన ఆడ అనాఫిలిస్ దోమ రక్తంతో పాటు పరాన్నజీవినీ పీల్చుకుంటుంది. దోమలో అది పెరిగి లాలాజల గ్రంథులకు చేరడానికి వాతావరణాన్ని బట్టి పది రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. ఆ దోమ ఇంకొకరిని కుట్టినప్పుడు లాలాజలంతో పాటు అది రక్తంలోకి దిగి, గంట తిరగకుండా కాలేయంలో దూరుతుంది. అక్కడ సుమారు వారం రోజులు ఏ చప్పుడూ లేకుండా వేలల్లోకి పెరుగుతుంది. ఆ వారం రోజులూ మనిషికి జ్వరం ఉండదు, కిట్‌లో గీతా ఉండదు. తరువాత కాలేయం నుంచి రక్తంలోకి వచ్చి ఎర్రకణాల్లో చేరి, వాటిలోని హిమోగ్లోబిన్‌ను తిని, పెరిగి, కణాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. అవన్నీ ఒక్కసారిగా పగిలినప్పుడు వచ్చేదే చలిజ్వరం. కుట్టిన నాటి నుంచి జ్వరం రావడానికి మామూలుగా 10 నుంచి 15 రోజులు పడుతుంది. ఏజెన్సీలో పెళ్లికి వెళ్లి విశాఖపట్నమో హైదరాబాదో తిరిగి వెళ్లినవారికి రెండు వారాల తరువాత జ్వరం వస్తే, ఆ ప్రయాణం సంగతి డాక్టరుకు చెప్పాలని గుర్తుకు రాకపోవడం సహజమే. నైజీరియా, టాంజానియా వంటి దేశాల్లో ఉద్యోగాలు చేసి సెలవులకు వచ్చే మన తెలుగువారి విషయంలో ఆ ఒక్క మాట చెప్పకపోవడం ప్రాణాంతకం కావచ్చు, ఎందుకంటే అక్కడి మలేరియాలో అత్యధికభాగం ఫాల్సిపారమే. 2023లో ప్రపంచమంతటా మలేరియాతో చనిపోయిన వారు 5,97,000 మందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో నూటికి తొంభై మందికి పైగా ఆఫ్రికావారే.

ఎర్రకణంలో పెరిగే క్రమంలో ఫాల్సిపారం పరాన్నజీవి హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. ఈ పని ఫాల్సిపారం ఒక్కటే చేస్తుంది కనుక కిట్‌లోని ఆ గీత దానికే ప్రత్యేకం. వైవాక్స్ గీత పట్టుకునేది పీఎల్‌డీహెచ్ అనే ఎంజైమును. ఈ రెంటి స్వభావం ఒకటి కాదు. పరాన్నజీవి చావగానే పీఎల్‌డీహెచ్ కొద్ది రోజుల్లో మాయమవుతుంది. హెచ్‌ఆర్‌పీ-2 మాత్రం పరాన్నజీవి పూర్తిగా చచ్చిపోయిన తరువాత కూడా రెండు వారాలు, నాలుగు వారాలు, ఒక్కొక్కరిలో ఇంకా ఎక్కువ కాలం రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. ఫాల్సిపారానికి మందులన్నీ సక్రమంగా మింగి, జ్వరం దిగి, పొలం పనికి వెళ్తున్న మనిషికి పదిహేనో రోజున ఎవరో సరదాకి కిట్ పెడితే మళ్లీ గీత వస్తుంది. ఇంటిల్లిపాదీ బెంబేలెత్తి మందు పనిచేయలేదని పట్నానికి పరుగు తీస్తారు. ఈ తంతు నేను చూశాను. రోగం పోయిందో లేదో తేల్చవలసింది రక్తపూతే. అద్దం మీద పూసి రంగు వేసిన రక్తంలో పరాన్నజీవులు కంటికి కనిపిస్తాయి, లెక్కకు వస్తాయి, అవి ఏ దశలో ఉన్నాయో తెలుస్తుంది. దోమకు సంక్రమించే దశలోని ఫాల్సిపారం పరాన్నజీవులు నెలవంకల్లా వంగి ఉంటాయి. ఒకసారి చూసినవారు మరచిపోరు. కిట్‌లోని గీత ఇవేవీ చెప్పదు. రక్తంలో వంద ఉన్నా లక్ష ఉన్నా దానికి గీత గీతే.

ఎప్పుడు పరీక్ష చేయించాలన్నది కిట్ పెట్టె మీద ఉండదు గనుక లక్షణాల గురించి కాస్త వివరంగా రాయాలి. పుస్తకంలోని మలేరియా మూడు అంకాల్లో నడుస్తుంది. మొదట దుప్పట్లు ఎన్ని కప్పినా తగ్గని వణుకు. పళ్లు టకటక కొట్టుకుంటాయి, అయినా ఒంటి మీద చెయ్యి వేస్తే వేడి పెరుగుతూ ఉంటుంది. ఆ తరువాత కొన్ని గంటల పాటు ఒళ్లు కాలిపోయే జ్వరం, తల పగిలిపోయే నొప్పి, వాంతులు. చివరికి పక్కబట్టలు తడిసేంత చెమట పట్టి జ్వరం జారిపోతుంది. వైవాక్స్‌లో ఈ వరస రోజు విడిచి రోజు వస్తుందని చెబుతారు, అది నిజమే కానీ మొదటి కొన్ని రోజుల్లో ఆ క్రమం కుదిరి ఉండదు. ఫాల్సిపారంలోనైతే ఆ క్రమం అసలు కనబడకపోవచ్చు. జ్వరం ఎడతెగకుండా ఉండవచ్చు. మా దగ్గరికి వచ్చినవారిలో ఒళ్లునొప్పులు, నీరసం, విరేచనాలు అని మాత్రమే చెప్పినవారు చాలామంది. పసిపిల్లలు పాలు తాగకపోవడం, మందకొడిగా పడి ఉండడం తప్ప వేరే గుర్తు ఉండకపోవచ్చు. కాబట్టి మలేరియా ఉన్న ప్రాంతంలో ఉన్నవారికి, ఇటీవల అక్కడికి వెళ్లి వచ్చినవారికి వచ్చిన జ్వరమేదైనా, వణుకు వచ్చేదాకా చూడకుండా అదే రోజు పరీక్ష చేయించుకోవాలి. రోగం పాతబడితే ఎర్రకణాలు తరిగి రక్తహీనత వస్తుంది, ఎడమ పక్క డొక్కలో ప్లీహం పెరిగి చేతికి తగులుతుంది.

ఫాల్సిపారం ప్రాణం తీసేది వేరే దారిలో. దాని బారిన పడిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుని ప్రవాహాన్ని అడ్డగిస్తాయి. మెదడులో ఆ పని జరిగితే మాట తడబడడం, మత్తు, ఫిట్స్, స్పృహ తప్పడం. మూత్రపిండాల్లో జరిగితే మూత్రం తగ్గిపోవడం. కళ్లు పచ్చబడడం, మూత్రం నల్లగా రావడం, ఆయాసం, నిలబడలేని నీరసం, ఏది మింగినా వాంతి కావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కిట్ ఫలితం కోసం ఇంటి దగ్గర కూర్చోకుండా 108కి ఫోన్ చేయవలసిందే. పరీక్ష అంబులెన్సులోనూ చేయవచ్చు, ఆస్పత్రిలోనూ చేయవచ్చు.

ఇప్పుడు ఈ కిట్‌కు ఉన్న అసలైన లోపానికి వస్తాను. మైక్రోలీటరు రక్తంలో సుమారు వంద, రెండు వందల పరాన్నజీవులైనా లేకపోతే గీత రాకపోవచ్చు. జ్వరం మొదలైన తొలి రోజున, ముందే ఏదో మాత్ర మింగినవారిలో, చిన్నప్పటి నుంచి మలేరియాతో పెరిగి కొంత తట్టుకునే శక్తి సంపాదించుకున్నవారిలో సంఖ్య అంతకంటే తక్కువ ఉండవచ్చు. గర్భిణుల్లో పరాన్నజీవులు మాయలో దాగి ఉండి, వేలి రక్తంలో అతి తక్కువగా ఉండే ప్రమాదం ఉంది. హెచ్‌ఆర్‌పీ-2ను తయారుచేసే జన్యువే లేని ఫాల్సిపారం రకాలు పెరూలో ఉన్నట్లు 2010లో వెల్లడైంది. ఎరిట్రియాలో ఇటువంటివి ఎక్కువై అక్కడ కిట్లనే మార్చుకోవలసి వచ్చింది. వీటన్నిటి దృష్ట్యా, గీత రాలేదని జ్వరాన్ని వదిలేయకూడదు. జ్వరం తగ్గకపోతే ఒకటి రెండు రోజుల్లో పరీక్ష మళ్లీ చేయాలి, రక్తపూత తీసి ల్యాబుకు పంపాలి. కిట్‌తో పాటు అద్దం పలక మీద కూడా రక్తం తీసుకునే ఆశా కార్యకర్తను విసుక్కోవద్దని నా మనవి. ఆమె రెండోసారి వేలు గుచ్చకుండా ఆ ఒక్క గాయంతోనే రెండు పనులూ చేస్తుంది.

పక్కదారి పడుతున్నా ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో టైఫాయిడూ మలేరియా రెండూ ఉన్నాయన్నారు అనే మాట జ్వరం వచ్చిన ప్రతి రెండో ఇంట్లో వినిపిస్తుంది. అందులో టైఫాయిడ్ సగం ఎక్కువగా విడాల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్ష పుణ్యం. ఆ పరీక్ష ఒక్కసారి చేసి చెప్పే ఫలితానికి నమ్మకం చాలా తక్కువ. పాత జ్వరాలూ టీకాలూ కూడా దానిని తప్పుదారి పట్టిస్తాయి. దానితో పోలిస్తే మలేరియా కిట్ మాట ఎన్నో రెట్లు నిలకడైనది. డెంగీని మాత్రం ఇది గుర్తించదు. డెంగీ దోమ ఈడిస్, అది పగలు కుడుతుంది. మలేరియా దోమ చీకటి పడ్డాక మొదలుపెట్టి తెల్లవారేదాకా కుడుతుంది. మన కొండ ప్రాంతాల్లో సన్నగా పారే వాగుల అంచుల్లోనూ, పట్నాల్లో మూతలేని ట్యాంకుల్లోనూ, బావుల్లోనూ అది గుడ్లు పెడుతుంది. మురుగు కాలువే మలేరియాకు కారణమని చాలామంది అనుకుంటారు గానీ అక్కడ పెరిగే క్యూలెక్స్ దోమ ఈ రోగాన్ని మోయదు.

మందు విషయంలో కిట్ చేసే మేలు ఏమిటంటే రకాన్ని విడదీయడం, ఎందుకంటే రెంటి వైద్యం వేరు. ఫాల్సిపారానికి ఆర్టిమిసినిన్ ఆధారిత మిశ్రమ మందులు మూడు రోజులు, దానితో పాటు ప్రైమాక్విన్ ఒక మోతాదు. వైవాక్స్‌కు క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. ఆ పద్నాలుగు రోజుల దగ్గరే జనం చేతులెత్తేస్తారు. మూడో రోజుకు జ్వరం దిగుతుంది, నాలుగో రోజు నుంచి మాత్రల పొట్లం చూరులో ఉంటుంది. వైవాక్స్ పరాన్నజీవులు కొన్ని కాలేయంలో నిద్రావస్థలో ఉండిపోయి వారాల తరువాతో నెలల తరువాతో మళ్లీ లేస్తాయి. ప్రైమాక్విన్ ఇచ్చేది వాటి కోసమే. వేలి రక్తాన్ని చూసే కిట్‌కు కాలేయంలో నిద్రపోతున్నది కనబడదు. గర్భిణులకూ ఏడాది లోపు పిల్లలకూ ప్రైమాక్విన్ ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో ఇది ఎర్రకణాలను చిదిమేస్తుంది గనుక, మాత్రలు వాడుతుండగా మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నిల్వ విషయంలో నా ఫిర్యాదు కిట్ మీద కాదు, దానిని ఉంచే చోటు మీద. ఎక్కువ కిట్ల మీద 30 లేదా 40 డిగ్రీల దాకా తట్టుకుంటాయని ముద్రించి ఉంటుంది. మే నెలలో రేకుల గదిలో, కిటికీ పక్క బల్ల మీద పెట్టెలు పేర్చి ఉంచిన ఉపకేంద్రం ఒకటి నాకు తెలుసు. అక్కడ కంట్రోలు గీత కూడా పాలిపోయి కనబడేది. వానాకాలంలో దీనికి ఎదురు సమస్య: నాలుగు కవర్లు ముందే చింపి సిద్ధంగా పెట్టుకుంటే, నాలుగో మనిషి దగ్గరికి వెళ్లేసరికి క్యాసెట్‌కు తేమ పట్టి ఉంటుంది. కవరు చింపాక వెంటనే వాడాలి. ఒక కంపెనీ బఫర్ సీసా ఇంకో కంపెనీ క్యాసెట్‌కు వాడకూడదు, సీసా అయిపోయిందని నీళ్లు అసలే వేయకూడదు.

అంకెల్లో చెప్పమంటే, మారుమూల గ్రామంలో జ్వరం వచ్చిన రోజునే చేసే తొలి పరీక్షగా దీనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. మంచి టెక్నీషియన్, మంచి మైక్రోస్కోపు ఉన్న చోట ఐదుకు మూడు. చికిత్స పనిచేసిందో లేదో చూడడానికి, ఫాల్సిపారం విషయంలో, ఏమీ ఇవ్వను.

ఈ పరీక్షా, మందులూ ఆశా కార్యకర్త దగ్గర, ఉపకేంద్రంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. అయినా కొనుక్కుంటామనేవారు పెట్టె మీద మూడు సంగతులు చూడాలి: గడువు తేదీ, ఎంత వేడిని తట్టుకుంటుందో రాసిన అంకె, ఫాల్సిపారాన్నీ వైవాక్స్‌నూ విడివిడిగా చూపుతుందా లేదా అన్నది. ఇంటి దగ్గర గీత తేలితే ఆ క్యాసెట్‌ను ఫొటో తీసి, ఏ సమయానికి చూశారో కాగితం మీద రాసి, మందుల దుకాణానికి కాక ఆస్పత్రికి తీసుకువెళ్లండి. మోతాదు శరీర బరువును బట్టి, వయసును బట్టి మారుతుంది. వాడిన సూదిని మాత్రం చెత్తబుట్టలో వేయకుండా గట్టి డబ్బాలో పెట్టి ఆ ఆస్పత్రిలోనే ఇచ్చేయండి.